బి-47 చాంబరు మూత

కొరాపుట్,
జూన్ 10, 2024.

రాయగడ ఫ్యాక్టరీ కాలనీ మెయింటెనెన్స్ ఆఫీసులో ఇప్పుడు ఎవరు కూర్చుంటున్నారో వారికి,

రిటైర్డు పైప్ ఫిట్టర్ భీమారావు నమస్కారాలు. ముప్పై ఏళ్ళు ఆ ఆఫీసు గుమ్మంలోనే చెప్పులు విడిచినవాణ్ణి కాబట్టి, వచ్చిన ఉత్తరాన్ని చదవకుండా ఫైల్లో పెట్టే అలవాటు నాకు తెలుసు. దయచేసి దీన్ని చదివాక పెట్టండి.

బి టైపు క్వార్టర్లు కూలగొట్టి ఫ్లాట్లు కడతారని పేపర్లో చూశాను. కూలగొట్టండి, గోడలు నావి కావు. వాటి కింద పైపుల్లో సగం నేను వేసినవే, అవీ అడగను. ఒకప్పుడు మేమున్న బి-47 పెరట్లో, జామచెట్టు పక్కన, డ్రైనేజీ చాంబరు మీద రెండడుగుల సిమెంటు మూత ఉంటుంది. అదొక్కటి పగలగొట్టకుండా పక్కన పెట్టించండి. నేను వచ్చి పట్టుకుపోతాను.

చాంబరు మూత ఎందుకయ్యా అని మీకు అనిపిస్తుంది. మా ముందు గదిలో దేవకుమారి గారని చరిత్ర టీచరమ్మ అద్దెకుంటున్నారు. మర్నాడు బడిలో చెప్పబోయే పాఠం ముందురోజు సాయంత్రం నాకు చెబుతారు. నాకు చెవుడు కాబట్టి అరిచి చెప్పాలి. అందువల్ల ఇప్పుడు మా వీధి వీధంతటికీ రోమన్ల కాలం నాటి ఊళ్ళ సంగతి తెలుసు. రెండు వేల ఏళ్ళ కిందటే వాళ్ళు వీధుల కింద సీసం గొట్టాలు వేశారట. గొట్టాల మీద పేర్లు అచ్చు వేసి ఉంటాయట. ఊరి మరుగుదొడ్లలో వరసగా రాతి బల్లలు, కింద పారే నీళ్ళు. ఫోటోలు చూపించారు. కోటలు చూసినప్పుడు రాని గౌరవం వాటిని చూస్తే వచ్చింది నాకు. కోట ఎవరైనా కడతారు, కాలువకి వాలు పెట్టడం కష్టం. ఆ గొట్టాలూ పెంకులూ ఇప్పుడు అద్దాల పెట్టెల్లో ఉన్నాయి. మనమైతే పగలగొట్టి రోడ్డు గుంతల్లో పోస్తాం.

ఉంటాను,
పైడి భీమారావు (పాత టోకెన్ నంబరు 1163)

తా.క.: ఫోను చెయ్యకండి. వినపడక అన్నిటికీ "సరే" అంటాను. పోయినేడు అలాగే ఎవరిదో పెళ్ళికి వంటలు ఒప్పుకున్నాను.


రాయగడ,
జూన్ 21.

గౌరవనీయులైన భీమారావు గారికి,

నా పేరు బిందుశ్రీ. ఇక్కడ జూనియర్ అసిస్టెంటును. ఆఫీసులో తెలుగు చదవగలిగేది నేనొక్కదాన్నే. మా ఇంజినీరు శరత్ బాబు గారు తెలుగువారే గానీ ఒడియా మీడియం. అందుకని మీ ఉత్తరం నా బల్ల మీదికి వచ్చింది.

మీ ఫిర్యాదు కంప్యూటర్లో ఎక్కించాను. అందులో నాలుగు రకాల ఫిర్యాదులే ఉన్నాయి: కరెంటు, లీకు, పూడిక, పాములు. మీది చాంబరు కాబట్టి "పూడిక" నొక్కాను. వెంటనే మనిషిని పంపాము. బి-47లో ఆరేళ్ళుగా ఎవరూ లేరనీ, చాంబరు పొడిగా ఉందనీ, పూడిక రావాలంటే ముందు ఇంట్లో మనుషులుండాలనీ అతను రాసిచ్చాడు. మీ ఫిర్యాదు పరిష్కారమైనట్టు నమోదు చేశాము. మా సేవకు ఐదుకి ఎన్ని మార్కులు వేస్తారో తెలియజేయగలరు.

విధేయురాలు,
బిందుశ్రీ

తా.క.: వెళ్ళినతనికి అక్కడ పాము కనిపించిందట. దానికి విడిగా ఫిర్యాదు పెట్టమంటారా?


కొరాపుట్,
జూన్ 28.

అమ్మా బిందుశ్రీ,

మార్కులు తర్వాత వేస్తాను. పాముని ఉండనివ్వు, ఆ ఇంట్లో అదైనా కాపురం చేస్తోంది.

నేను పూడిక తియ్యమనలేదు తల్లీ, మూత దాచమన్నాను. మీ కంప్యూటర్లో దాచడానికి మీట లేకపోతే ఒక కాగితం మీద రాసి మీ సార్ చేతిలో పెట్టు. ఆ మూత నా మట్టుకు ప్రాచీన అవశేషం. టీచరమ్మ చూపించిన వస్తువులకున్న విలువ దానికీ ఉంది. రోమన్ల ఊళ్ళో రొట్టెలు కాల్చిన పొయ్యీ, అంగడి అరుగులో పాతిన కుండా, అన్నీ మన్ను కింద నుంచి తీసి కడిగి పెట్టుకున్నారు. రోజూ వాడే వస్తువులే అవి. వాడినవాళ్ళు లేరు కాబట్టి దాచుకున్నారు. అంతకంటే వివరంగా రాయడం నాకు చేతకాదు.

కవరు మీద నా పేరే రాయి. నేను ఇంట్లో లేనప్పుడు వస్తే మా ఇంటావిడ బంగారమ్మ టీచరమ్మ చేత చదివించుకుంటుంది. ఈ సంగతి ఆవిడకి తెలియడం నాకిష్టం లేదు.

ఆశీస్సులతో,
భీమారావు

తా.క.: మేము కాలనీ ఖాళీ చేసినప్పుడు లారీలో నా పైపులకి మరలు కోసే డై సెట్టుకి చోటు లేదంది మా ఆవిడ. ఎర్ర గచ్చు పూసిన బట్టలుతికే బండకి మాత్రం చోటు దొరికింది. ఎటు చూసినా కొండలే ఉన్న కొరాపుట్‌కి రాయి మోసుకొచ్చిన మనిషి చరిత్రలో ఈవిడొక్కతే. పద్నాలుగేళ్ళుగా ఆ బండ మీద కూర్చునే స్నానం చేస్తూ నా డై సెట్టుని తలుచుకుంటున్నాను.


రాయగడ,
జూలై 9.

గౌరవనీయులైన భీమారావు గారికి,

మీ ఉత్తరాన్ని ఇంగ్లీషులోకి మార్చి శరత్ బాబు గారికి ఇచ్చాను. "ప్రాచీన అవశేషం" దగ్గర ఆయన కుర్చీలోంచి లేచారు. కాంట్రాక్టు కాగితాల్లో ఒక షరతు ఉందట, పని జరిగేచోట ప్రాచీన అవశేషాలు కనబడితే వెంటనే పని ఆపి పైవాళ్ళకి తెలియజెయ్యాలి. ఆయనకి ఇంకా ఆరేళ్ళ సర్వీసుంది.

అందుకని బి లైనులో పని ఆపించారు. బి-47 చుట్టూ ఎర్ర పట్టీ కట్టారు. బాబి అనే వాచ్‌మన్‌ని మూత దగ్గర కాపలా పెట్టారు. కాంట్రాక్టరు బాపిరాజు గారి బుల్‌డోజరు ఖాళీగా నిలబడింది, ఆయన ఆఫీసుకొచ్చి మీ అడ్రసు అడిగారు. నేను ఇవ్వలేదు.

దీంతోపాటు ఎనిమిది గడుల ఫారం పంపుతున్నాను. వస్తువు ఏ కాలానిది, ఎవరు తవ్వి తీశారు, ఎంత లోతులో దొరికింది, అన్నీ నింపి పంపగలరు.

విధేయురాలు,
బిందుశ్రీ

తా.క.: "ఏ రాజుల కాలం" అన్న గడి ఖాళీగా వదలకూడదట. అప్పటి మన జనరల్ మేనేజరు పేరు రాసెయ్యమంటారా?


కొరాపుట్,
జూలై 16.

అమ్మా బిందుశ్రీ,

నీ ఫారం చూసి రెండు రోజులు నాకు అన్నం సయించలేదు. పని ఆపమని నేనెప్పుడన్నాను?

ఆ మూత 1987లో నా చేతులతో నేను పోసింది. దాని వయసు ముప్పై ఏడు. నాకు డెబ్బై నాలుగు, సరిగ్గా దానికి రెట్టింపు. ప్రాచీన అవశేషం ఎవరో మీ సార్‌నే తేల్చుకోమను. కాలనీలో చాంబరు మూతలన్నీ అప్పట్లో మేమే పెరట్లో చెక్కలు కట్టి పోసేవాళ్ళం. తడి ఆరకముందు మేకుతో పేరు గీసుకునేవాళ్ళం. ఇంజినీర్లకి శిలాఫలకాలు ఉంటాయి, మాకు అవే.

బి-47 మూత అడుగున ఒకటి ఉంది. దానికోసమే అడుగుతున్నాను. అదేమిటో చెప్పను, మా ఆవిడకి తెలియకూడదు. ముప్పై ఆరేళ్ళుగా దాచుకుంటూ వచ్చాను. నువ్వు కూడా నలుగురిలో అనకు.

ఆశీస్సులతో,
భీమారావు

తా.క.: రాజుల గడిలో జనరల్ మేనేజరు పేరు వద్దు. ఆయన కాలంలో నీళ్ళు రోజుకి అరగంటే వచ్చేవి.


రాయగడ,
జూలై 27.

గౌరవనీయులైన భీమారావు గారికి,

క్షమించాలి. నేను నలుగురిలో అనలేదు. ఇంగ్లీషులో రాసి ఫైల్లో పెట్టాను. ఫైలు బాపిరాజు గారు చూశారు. "మూత అడుగున ఒకటి ఉంది, భార్యకి తెలియకూడదు, ముప్పై ఆరేళ్ళుగా దాచాడు" అన్నచోట ఆయన గీత గీశారు.

మర్నాటికి బి-47 పెరట్లో బంగారం ఉందని కాలనీ అంతా తెలిసిపోయింది. ఇత్తడి కూజా నిండా అని కొందరు, పాతకాలపు కాసులని కొందరు అన్నారు. వాచ్‌మన్ బాబి అత్తవారిని కూడా పిలిపించుకున్నాడు. జనం ఎక్కువైతే గోడ పడుతుందని శరత్ బాబు గారు ముగ్గురితో కమిటీ వేసి, నిన్న అందరి ముందూ గునపాలతో మూత పక్కకి జరిపించారు. అందరూ గోతిలోకి వంగి చూశారు. బొద్దింకలు, ఒక స్టీలు చెంచా ఉన్నాయి. జనం మీ గురించి కొన్ని మాటలని వెళ్ళిపోయారు. మూత మళ్ళీ వేసేశారు.

తెరిచిన ఫైలు మూయాలి కాబట్టి, మూత మీకెందుకు కావాలో ఒక్క వాక్యంలో రాసి సంతకం చెయ్యమన్నారు సార్. లేకపోతే పదిహేను రోజుల్లో అది కూడా మిగతా రాళ్ళతో పాటు రోడ్డు కిందికి పోతుంది.

విధేయురాలు,
బిందుశ్రీ

తా.క.: చెంచాని ఫైల్లో ఎక్కించారు. అది మీదేనా?


కొరాపుట్,
ఆగస్టు 3.

అమ్మా బిందుశ్రీ,

మీ సార్ అడిగిన వాక్యం: ఆ మూత అడుగున మా అమ్మాయి ఉషారాణి కుడి పాదం అచ్చు ఉంది.

ఇక కింద రాసేది ఫైలుకి అక్కర్లేదు. నీకు రాస్తున్నాను. ఇంగ్లీషులోకి మార్చకు.

1987 మార్చిలో ఒక ఆదివారం ఆ మూత పోశాను. తాపీతో నున్నగా చేసి, మేకు తెచ్చుకుందామని ఇంట్లోకి వెళ్ళాను. వచ్చేసరికి మా గుంట దాని మీద ఒక కాలు పెట్టి నిలబడి ఉంది. దానికి రెండున్నరేళ్ళు. "నాన్నా, ఇది సల్లగున్నాది" అంది. తిట్టబోయి తిట్టలేదు. మళ్ళీ నున్నగా చేసేద్దామనుకున్నాను, అదీ చెయ్యలేదు. ఆ ఒక్క మూత మీదే నా పేరు గీయలేదు. సంతకం అయిపోయినట్టే అనిపించింది.

మరుసటేడు వానల్లో దానికి జ్వరం తలకెక్కింది. ఆస్పత్రిలో నాలుగు రోజులుంది. అయిదో రోజు మేమిద్దరమే ఇంటికి వచ్చాం. బంగారమ్మ పెరట్లోకి వెళ్ళి ఆ పాదం చూసి అక్కడే కూలబడిపోయింది. "దాన్ని ఇరగ్గొట్టీ. నాను సూళ్ళేను" అంది. ఆవిణ్ణి రెండు రోజులు పార్వతీపురంలో చెల్లెలింటికి పంపి సుత్తి పట్టుకున్నాను. చెయ్యి లేవలేదు. మూత ఎత్తడానికి పైనున్న కొక్కేలు కోసేసి, పాదం కిందికి పోయేలా మూత తిరగేసి పెట్టాను. ఆవిడ వచ్చాక, పగలగొట్టేశాను, ఇది కొత్తది అని చెప్పాను. నా పెళ్ళాంతో నేనాడిన అబద్ధం అదొక్కటే.

రిటైరయ్యాక తెచ్చుకుందామనుకున్నాను. సామాను ఎక్కిస్తున్నంతసేపూ ఆవిడ లారీ దగ్గరనుంచి కదల్లేదు. ఆవిడ ఎదురుగా ఎలా అడుగుతాను? వదిలేసి వచ్చాను.

మొన్న మే నెలలో టీచరమ్మ ఒక ఫోటో చూపించారు. రోమన్ల కాలం నాటి మట్టి పెంకు. అచ్చు పోసి ఎండబెట్టినప్పుడు ఎవరో పసిపిల్ల దాని మీద నడిచింది. అయిదు వేళ్ళూ ఉన్నాయి. ఇల్లు పోయింది, ఊరు పోయింది, ఆ రాజ్యమే పోయింది. ఆ పిల్ల పేరేమిటండీ అని అడిగాను. "ఎవరికీ తెలియదండీ" అని ఆవిడ అరిచి చెప్పారు. నేను లేచి పెరట్లోకి వెళ్ళి, బండ మీద కూర్చుని చాలాసేపు నీళ్ళు పోసుకున్నాను. కళ్ళు ఎర్రబడినా సబ్బు పడిందని చెప్పుకోవచ్చు.

మా దగ్గర దాని ఫోటో ఒక్కటీ లేదమ్మా. అప్పట్లో తీయించలేదు. నా వయసు చూస్తే ఇంక ఎక్కువ రోజులు లేవు. ఆ మూత నాకు ఇప్పించు.

నీ మేలు కోరే,
భీమారావు

తా.క.: చెంచా మాది కాదు. మా ఇంట్లో చెంచాలు పోతే బంగారమ్మ అప్పుడే కాలనీ అంతా వెతికించి ఉండేది.


రాయగడ,
ఆగస్టు 14.

భీమారావు తాతగారికి,

ఈ ఉత్తరం రాయడానికి నాకు మూడు రోజులు పట్టింది.

మీరు మార్చొద్దన్నారు గనక మార్చలేదు. శరత్ బాబు గారికి తెలుగులోనే చదివి వినిపించాను. ఆయన లేచి గొడుగు తీసుకున్నారు. ఇద్దరం బి-47కి వెళ్ళాం. నలుగురు మనుషులు మూత ఎత్తి తిరగేశారు. అడుగున ఏమీ లేదు తాతగారూ. అరిగిపోవడం కాదు, అసలు ఏ గుర్తూ లేదు. కొత్త సిమెంటులా ఉంది. ఎవరో తర్వాత పోయించిన మూత అది.

మూతలు తారుమారయ్యాయేమోనని సార్ బి లైను మొత్తం తిరగేయించారు. నలభై ఎనిమిది చాంబర్లు. వాన పడుతూనే ఉంది. బాపిరాజు గారు మొదట అరిచారు, సంగతి తెలిశాక తన మనుషుల్ని కూడా ఇచ్చారు. ముప్పై ఒక్క మూతల మీద మేకుతో గీసిన మీ పేరు ఉంది. ఒకదాని మీద కుక్క నడిచిన గుర్తులున్నాయి. పాదం ఎక్కడా లేదు. మీరు రిటైరైన తర్వాత ఎవరో దాన్ని మార్చేసి పాతది పారేసి ఉంటారు.

నాకు చాలా బాధగా ఉంది. ఇంతకంటే ఏం రాయాలో తెలియడం లేదు.

మీ
బిందుశ్రీ

తా.క.: ఫిర్యాదు పరిష్కారమైందా అని కంప్యూటరు మళ్ళీ అడిగింది. కాదు అని నొక్కాను. ఎందుకు కాదో చెప్పమంది. పాములు అని నొక్కి లేచి వచ్చేశాను.


కొరాపుట్,
ఆగస్టు 26.

బిందుశ్రీకి,

(బంగారమ్మ గారు చెబుతుంటే రాస్తున్నది దేవకుమారి టీచర్. ఒక్క మాట మార్చొద్దన్నారు, మార్చలేదు.)

అమ్మీ, నాను భీమారావు ఇంటిదాన్ని, బంగారమ్మని. నీ ఉత్తరం వచ్చినప్పుడికి ఆయన బేంకీకెల్లేడు. టీచరమ్మ సేత సదివించుకున్నాను. ఆయన నీకేటి రాసేడో దాంట్లోనే తెలిసిపోయింది. నీ మీద నాకేటీ కోపం లేదు.

ఆయన అబద్ధమాడేడని ఆ వారమే తెల్సు నాకు. కొత్త మూత పోస్తే ఏడు రోజులు తడపాల. ఫిట్టరు పెళ్ళాన్ని, ఆ మాత్రం తెలీదా? నాను పార్వతీపురం నుంచి వచ్చేక ఆయన దాని మీద ఒక్క సెంబుడు నీళ్ళు పొయ్యలేదు. తిరగేసీసేడని అప్పుడే అనుకున్నాను. ఏటీ అన్లేదు. ఇరగ్గొట్టమన్నది నానే గదా. ఆ నోటితోనే మంచి పని సేసేవని ఎలగ సెప్పను? సిగ్గేసింది. ఇరవై రెండేళ్ళు దాని మీదే బట్టలుతికేను. గట్టిగా బాదకుండా ఉతికేదాన్ని. బట్టలు తెల్లగ రాలేదని ఆయన సణిగేవోడు.

ఆయన రిటైరైన రోజున ఫ్యాక్టరీలో దండలేయించుకుంటన్నాడు. నాను మేస్త్రీని పిలిచి బి-47కి కొత్త మూత ఎయించేను. పాతది తీయించి, ఆయన ఆనవాలు పట్టకుండా పైనా పక్కలా ఎర్ర గచ్చు పూయించేను. బట్టలుతికే బండని సెప్పి లారీ ఎక్కించేను. దించీసేవరకూ అక్కడే నిలబడ్డాను. ఆ డై సెట్టుకి చోటుండేది. కానీ అది మీద పడితే బండ పగిలిపోద్దని ఒగ్గీసేను. ఆయన పద్నాలుగేళ్ళుగా తిడతన్నాడు. సెప్పీద్దామని ఎన్నోసార్లనుకున్నాను. సెప్తే ఏడుస్తాడని సెప్పలేదు. ఆయనా అంతేనట.

నీ ఉత్తరం ఆయనకియ్యలేదు. రోజూ పోస్టాయన కోసం గుమ్మంలో కూకుంటన్నాడు. సూళ్ళేక మొన్న పొద్దున్న టీచరమ్మా నానూ గునపమెట్టి బండ తిరగేసేం. కింద తడిమన్ను, వానపాములు. కడిగితే పాదం వచ్చింది. లారీలో ఒక మూల ఇరిగిందనుకుంటాను, సిటికెనేలూ దాని పక్కేలూ పోయేయి. మడమా మూడు వేళ్ళూ ఉన్నాయి.

ఆయన తువ్వాలు బుజానేసుకుని బాల్చీతో వచ్చేడు. బాల్చీ దించీసేడు. నానేటీ అనవలసిన పని లేకపోయింది, అన్నా ఆయనకినపడదు. కూకుని తువ్వాలు కొసతో వేళ్ళ సందుల్లో మన్ను తుడిసేడు. సేనాసేపు తుడిసేడు. మరప్పుడు నా మొగం సూసి, "టీచరమ్మ బొమ్మల్లో ఉన్నయ్యి కూడా ఇరిగినయ్యే గదా" అన్నాడు. ఇద్దరం ఏడ్చేం. ముప్పై ఆరేళ్ళ కిందట ఇద్దరం కలిసి ఏడవలేదమ్మీ, ఎవులి మూల వాళ్ళం ఏడ్చేం.

సాయంత్రం మేకడిగేడు, పేరు గీస్తానని. ఆరిపోయిన సిమెంటు మీద పేరెలగ ఎక్కుతాది? మేమిద్దరం పోయేక సూసినోళ్ళకి ఎవుల పాదమో తెలీదని ఆయన బెంగ. టీచరమ్మకి తెల్సు, రాయగడలో ఆ అమ్మికీ వాళ్ళ సారుకీ తెల్సు, సాల్దా అన్నాను. సాల్దన్నట్టు తలూపేడు. నాకూ సాల్దు. కానీ నువ్వు మర్సిపోకు. ఉషారాణి. మూడేళ్ళ తొమ్మిది నెలలు.

మీ సారుకీ, వానలో మూతలెత్తిన అందరికీ దండాలు సెప్పు. కంప్యూటర్లో అయిందనే నొక్కీ.

దీవెనలతో,
బంగారమ్మ (వేలిముద్ర)

తా.క.: ఇప్పుడు ఆయన దాని మీద కాలెట్టనంటన్నాడు, నానూ ఎట్టనివ్వను. మూడు రోజులై మనిషికి స్నానం లేదు. ఆ బి-47 మూత మీకెవులికీ పనికిరాదు గదా, లారీ ఏదైనా ఇటొస్తే ఎక్కించి పంపు. దాని కింద ఏటీ లేదని అందరం సూసీసేం, ఆయన నిమ్మళంగా కూకుని నీళ్ళోసుకుంటాడు.